ముగ్గుకి ముందు కల్లాపి... మరి వ్యానుకి?

“టీ కూడా అమ్ముతారా అండీ?”

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి వ్యాను ఆగినప్పుడు, పక్కన స్కూటరు మీదున్న పెద్దమనిషి మా వదినని అడిగిన ప్రశ్న ఇది. వదినకి అర్థం కాలేదు. “లేదండీ, పచ్చళ్ళే” అంది. ఆయన వ్యాను వైపు చూపించి నవ్వాడు. ఇంటికొచ్చి దిగి చూస్తే ఏముంది! కుడివైపు అంటించిన పసుపుపచ్చ స్టిక్కరు అంచు లేచి, గాలికి చిరిగి, ‘ఇంటి పచ్చళ్ళు’లో ‘ఇం’ ఎక్కడో హైవే మీద రాలిపోయింది. మిగిలింది ‘టి పచ్చళ్ళు’!

ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. వదిన మాత్రం నవ్వలేదు. “ఇవాళ ‘ఇం’ పోయింది. రేపు పైనున్న నా పేరే పోతుంది” అంది. ఆ మాటతో మా నవ్వులు ఆగిపోయాయి.

ఎందుకంటే ఆ పేరు అక్కడికి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది మరి.

పేరు కోసం పడ్డ పాట్లు

వదిన అంటే మా వారి అక్కగారు. ఆవిడ చేతి మాగాయ, గోంగూర తిన్నవాళ్ళు మళ్ళీ అడగకుండా ఉండరు. ఇరవై ఏళ్ళపాటు ఒక దుకాణానికి కిలోల లెక్కన పచ్చళ్ళు పెట్టి ఇచ్చింది. సీసా మీద లేబుల్ దుకాణం వాళ్ళది, లోపలి రుచి ఈవిడది. పిల్లలు స్థిరపడ్డాక, యాభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, పాత మారుతి ఓమ్ని వ్యాను ఒకటి కొంది. ఆ మోడల్ తయారీ 2019లోనే ఆగిపోయింది కాబట్టి సెకండ్ హ్యాండే గతి. వ్యాను తెల్లగా ఉంది. రెండు పక్కలా పసుపుపచ్చ స్టిక్కరు వేయించి, పైన తన పేరు, కింద ‘ఇంటి పచ్చళ్ళు’, ఇంకా కింద ఫోన్ నంబరు రాయించాలని ఆవిడ కోరిక.

“వ్యాను మీద ఆడవాళ్ళ పేరేమిటి?” అన్నవాళ్ళూ ఉన్నారు. “పచ్చడి పెట్టేటప్పుడు ఆడవాళ్ళ చెయ్యి పనికొచ్చింది కదా, పేరెందుకు పనికిరాదు?” అని వాళ్ళ నోళ్ళు మూయించింది.

రేడియం స్టిక్కర్ల షాపులో బేరం కుదిరింది. రూ.11,000. ‘అమ్మా, వ్యాను సర్వీసింగ్ చేయించి తళతళలాడేట్టు తీసుకురండి’ అన్నాడు షాపతను. వదిన అలాగే చేసింది. సర్వీసింగ్‌లో నీళ్ళు కొట్టి, పైన మెరుపు పాలిష్ కూడా పూశారు. అటునుంచి అటే షాపుకి. మే నెల, మిట్టమధ్యాహ్నం, షాపు ముందు రోడ్డు పక్కన గంటన్నరలో పని అయిపోయింది. చూడ్డానికి పెళ్ళికూతురిలా ఉంది వ్యాను.

జూన్ చివర్లో మొదటి వానలు పడగానే అంచులు లేవడం మొదలైంది. మధ్యలో బుడగలు. జూలైలో ‘ఇం’ పోయింది.

తప్పెక్కడ జరిగింది?

షాపతను “వానకి మేమేం చేస్తామమ్మా” అన్నాడు. స్టిక్కరు నాసిరకమేమో అని మేమూ అనుకున్నాం. చివరికి ఎవరో చెబితే ఆటోనగర్‌లో చాలా ఏళ్ళుగా ఈ పనే చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన లేచిన అంచుని గోటితో ఎత్తి, వెనకవైపు బంక మీద వేలు రుద్ది, వేలు మాకు చూపించాడు. జిడ్డు!

“అమ్మా, పచ్చళ్ళు పెట్టేవాళ్ళు మీరు. తడి జాడీలో ఆవకాయ పెడతారా?” అని అడిగాడు.

“అయ్యో, బూజు పట్టదూ!” అంది వదిన.

“ఇదీ అంతే. కాయ మంచిదే, కారం మంచిదే. జాడీయే శుభ్రంగా లేదు.”

అప్పుడు అర్థమైంది మాకు. స్టిక్కరు అంటించడం చివరి పని. అసలు పనంతా అంతకు ముందే ఉంది. పండగ పూట ముగ్గు చూసి మెచ్చుకునేవాళ్ళు ఉంటారు గానీ, తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లినవాళ్ళని ఎవరు తలుచుకుంటారు? కానీ ఆ ఊడ్పూ, కల్లాపీ లేకపోతే ముగ్గు నిలవదు. ఈ సంగతి ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. వ్యాను విషయానికి వచ్చేసరికి మాత్రం మేం మర్చిపోయాం!

ఇంతకీ ఈ స్టిక్కరు ఏమిటో కాస్త తెలుసుకుందాం. ఇది పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన పల్చటి పొర. వినైల్ అంటారు. వెనక బంక పూసి, దాని మీద కాగితం అంటించి ఉంటుంది. ఈ బంకకి తడి అక్కర్లేదు, వేడి అక్కర్లేదు. గట్టిగా నొక్కితే చాలు పట్టేస్తుంది. అయితే దేనికి తగిలితే దాన్నే పట్టుకుంటుంది. పెయింటుకి తగిలితే పెయింటుని, దుమ్ముకి తగిలితే దుమ్ముని, పాలిష్‌కి తగిలితే పాలిష్‌ని! వదిన వ్యాను విషయంలో జరిగింది అదే. స్టిక్కరు పాలిష్‌ని పట్టుకుంది గానీ వ్యానుని పట్టుకోలేదు.

వినైల్‌లో రెండు రకాలు. ఒకటి వేడి రోలర్ల మధ్య చపాతీలా ఒత్తి తీసేది. దాన్ని క్యాలెండర్డ్ అంటారు. ధర తక్కువ. కానీ మైదాపిండి పూరీ ఒత్తాక మళ్ళీ వెనక్కి ముడుచుకున్నట్టు, ఇదీ ఎండకీ కాలానికీ కొద్దికొద్దిగా ముడుచుకుంటుంది. చదునైన చోట్లకి పనికొస్తుంది. రెండోది ద్రవంగా పోసి, దోసెలా పరిచి ఆరబెట్టేది. దీన్ని కాస్ట్ అంటారు. సాగుతుంది, వంపుల్లో ఒదుగుతుంది, అంతగా ముడుచుకోదు. ధర ఎక్కువ. మందం 50 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. అంటే మన తల వెంట్రుక పాటి మందం కూడా లేదన్నమాట. అంత పల్చటి పొర కింద ఒక్క ఇసక రేణువు ఉన్నా మొటిమలా పైకి కనిపిస్తుంది.

ముందు కళ్ళతో... తర్వాత టేపుతో

పాత స్టిక్కరు పీకేటప్పుడు ఇంకో ఘోరం బయటపడింది. కుడివైపు తలుపు దగ్గర స్టిక్కరుతో పాటు అరచేతి మేర తెల్ల పెయింటు కూడా ఊడి వచ్చేసింది! ఎడమవైపు అలా జరగలేదు.

“ఇటువైపు ఎప్పుడో దెబ్బ తగిలితే లప్పం పెట్టి మళ్ళీ పెయింటు వేశారమ్మా. ఫ్యాక్టరీ పెయింటు కాదిది” అన్నాడు పెద్దాయన. ఫ్యాక్టరీలో పెయింటుని ఓవెన్‌లో కాలుస్తారు. ఇటిక కాల్చినట్టు అది గట్టిపడుతుంది. బయట షెడ్లలో సరైన పద్ధతి లేకుండా వేసిన పెయింటు అంత గట్టిగా ఉండదు. కాబట్టి సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇదే.

దీనికి ఆయన చిన్న పరీక్ష చూపించాడు. బండి కడిగి ఆరాక, పార్సిళ్ళకి వాడే గట్టి టేపు ముక్క ఒకటి అనుమానం ఉన్నచోట అంటించి, గోటితో బాగా రుద్ది, ఒక్కసారిగా లాగాలి. టేపుకి పెయింటు పొరలు అంటుకుని వస్తే, అక్కడ స్టిక్కరు వేయకూడదు. వేసినా ఉండదు, ఉన్నా తీసేటప్పుడు పెయింటు పట్టుకుపోతుంది.

గీతలు, సొట్టలు, తుప్పు కూడా ముందే చూసుకోవాలి. ‘పైన స్టిక్కరు వేసేస్తాం కదా, కనపడదులే’ అనుకుంటాం. అది పొరపాటు. స్టిక్కరు రంగుని దాస్తుంది గానీ గుంటని దాచదు. పైగా నిగనిగలాడే స్టిక్కరు కింద సొట్ట మరీ ఎక్కువ కనిపిస్తుంది. ఇక తుప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. పైన కప్పేస్తే లోపల్లోపల తినేస్తూ పోతుంది. తుప్పుని గీకి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమరు, పెయింటు వేయించిన తర్వాతే స్టిక్కరు మాట.

నెల రోజుల పరీక్ష

కుడివైపు టింకరింగ్ చేయించి మళ్ళీ పెయింటు వేయించక తప్పలేదు. సెప్టెంబరు మొదటివారంలో పెయింటు పని అయింది. ముట్టుకుంటే ఆరిపోయినట్టే ఉంది. వినాయక చవితి, దసరా వరసగా ఉన్నాయి. ఆర్డర్లు బోలెడు. “రేపే వేసేయండి బాబూ” అంది వదిన.

“నెల రోజులు ఆగాలమ్మా” అన్నాడాయన.

వదిన మొహం వాడిపోయింది. ఇంకో షాపుకి ఫోన్ చేస్తే “ఎల్లుండి వేసేస్తాం మేడమ్” అన్నారు. రెండు రోజులు ఊగిసలాడింది. నిజమే మరి. ఉన్న డబ్బులో సగం పెయింటుకి పోయింది, పండగ గిరాకీ ముందుంది, వ్యాను బోసిగా ఉంది.

నెల ఎందుకంటే, కొత్త పెయింటు పైకి ఆరినా, లోపలున్న సాల్వెంట్ల ఆవిర్లు మెల్లమెల్లగా బయటికి వస్తూనే ఉంటాయి. అప్పుడే స్టిక్కరు మూసేస్తే ఆ ఆవిరికి దారి ఉండదు. స్టిక్కరు కింద బుడగలు కడుతుంది, బంక పట్టు తప్పుతుంది. రేపు తీసేటప్పుడు పచ్చి పెయింటు కూడా ఊడి వస్తుంది. వేడి అన్నం డబ్బాలో పెట్టి మూత బిగిస్తే మూత నిండా నీళ్ళు పట్టవూ? అలాగన్నమాట. ఎన్ని రోజులు ఆగాలన్నది పెయింటు రకాన్ని బట్టి ఉంటుంది. పెయింటు కంపెనీ చెప్పిన గడువు అడిగి తెలుసుకోవాలి. బయట వేయించిన పెయింటుకి మూడు నాలుగు వారాలైనా ఆగడం మంచిదని ఈ పనివాళ్ళంతా అంటారు.

“ఆవకాయ పెట్టిన మూడో రోజు కలపకుండా మొదటి రోజే వడ్డిస్తే ఎలా ఉంటుంది వదినా?” అన్నాను నేను. ఆవిడ నా వంక చూసి, “నువ్వూ ఆయనా ఒకటయ్యారే!” అని నవ్వేసింది. పండగ ఆర్డర్లన్నీ బోసి వ్యానులోనే పంపింది. ఒక్క ఆర్డరూ తగ్గలేదు. మనుషులు రుచి చూసి కొన్నారు గానీ వ్యాను చూసి కాదు కదా!

కడగడం అంటే నీళ్ళు కొట్టడం కాదు

అక్టోబరులో అసలు పని మొదలైంది. పెద్దాయన వ్యానుని ఒకరోజు ముందే తెచ్చి పెట్టమన్నాడు. కడగడం ఒకరోజు, అంటించడం మర్నాడు. ఎందుకంటే తలుపు సందుల్లో, అద్దాల రబ్బరు బీడింగుల్లో, లైట్ల వెనక దాక్కున్న నీళ్ళు ఆరడానికి గంటలు పడుతుంది. పైకి పొడిగానే ఉంటుంది. సరిగ్గా అంచు నొక్కే సమయానికి లోపలి నుంచి ఒక చుక్క జారి వచ్చి కొంప ముంచుతుంది!

షాంపూ కూడా మైనం కలవనిదే వాడాలి. ‘కడిగితేనే మెరుపు’ అని రాసి ఉన్న షాంపూల్లో మైనం ఉండే అవకాశం ఎక్కువ. అవి మామూలు రోజుల్లో మంచివే, ఆ రోజుకి మాత్రం వద్దు. పై నుంచి కిందికి కడగాలి. కింద చక్రాల దగ్గరి ఇసక గుడ్డకి అంటుకుని పైన గీతలు పెట్టకుండా అన్నమాట. రెండు బక్కెట్లు పెట్టుకోవాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఒకదాంట్లో గుడ్డ జాడించుకునే మంచినీళ్ళు.

మనం ఇల్లు తుడిచేటప్పుడు నడిమధ్య ఎంత తుడిచినా, మంచం కిందా తలుపు మూలా చూస్తేనే కదా పనితనం తెలిసేది! ఇక్కడా అంతే. తలుపు తీసి లోపలి అంచులు, హ్యాండిల్ వెనక సందు, పెట్రోలు మూత చుట్టూ, చక్రం పైన వంపు, తలుపు అడుగు పట్టీ... ఇవే ముఖ్యం. స్టిక్కరు లేవడం ఎప్పుడూ అంచుల్లోనే మొదలవుతుంది. మురికి పేరుకునేదీ అంచుల్లోనే!

కడిగాక అరచెయ్యి పెట్టి నిమిరితే, కంటికి శుభ్రంగా కనబడేది కూడా గరుకుగా తగులుతుంది. అది రోడ్డు తారు చుక్కలు, చెట్ల బంక, పిట్టల రెట్టల మరకలు, గాల్లో ఎగిరొచ్చిన ఇనప రజను. తారుకి విడిగా తారు తీసే ద్రవం దొరుకుతుంది. మిగతావాటికి క్లే బార్ అనే మెత్తని మట్టిముద్దలాంటిది ఉంటుంది. సబ్బునీళ్ళు చిలకరించి దాంతో మెల్లగా రుద్దితే, పెయింటుకి దిగబడ్డ రజనంతా ముద్దకి అంటుకుని వచ్చేస్తుంది. కింద పడిన క్లే ముద్దని మాత్రం మళ్ళీ వాడకూడదు. ఇసక అంటుకుని గీతలు పెడుతుంది.

కంటికి కనపడని జిడ్డు

ఆ తర్వాత మా వదిన కొంప ముంచిన ఆ పాలిష్ సంగతి. మైనం, సిలికాన్ పాలిష్‌లు కడిగితే పోవు. డాష్‌బోర్డుకీ, టైర్లకీ కొట్టే మెరుపు స్ప్రేలు మరీ ప్రమాదం. టైరు మీద కొట్టినా గాలికి ఎగిరి పక్కనున్న పెయింటు మీద సన్నని తుంపరగా పడతాయి. అందుకే స్టిక్కరు వేయించే ముందు వారం పది రోజులైనా ఏ మెరుపు మందూ వాడకూడదు. వాడి ఉంటే దాచకుండా చెప్పాలి.

దీనికి రెండు దశలున్నాయి. మొదట జిడ్డు తీసే ద్రవంతో తుడవాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో. షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. రెండు పాళ్ళు ఐపీఏ, ఒక పాలు మంచినీళ్ళు కలుపుకోవాలి. తుడవడానికీ ఒక పద్ధతుంది. ఒక చేతిలో తడి గుడ్డ, ఇంకో చేతిలో పొడి గుడ్డ. తడి గుడ్డతో మూరెడు మేర తుడిచి, అది తనంతట తను ఆరకముందే పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. ఆరనిస్తే కరిగిన జిడ్డు మళ్ళీ అక్కడే పేరుకుంటుంది. ఒక్క మడతతో రెండు మూడు తుడుపులే. తర్వాత గుడ్డ తిప్పాలి. లేకపోతే జిడ్డుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసినట్టే!

మేం ఇంటినుంచి మెత్తని పాత చీర ముక్కలు పట్టుకెళ్ళాం. ఆయన పక్కన పెట్టేశాడు. పాత నూలు గుడ్డ పోగులు రాలుస్తుంది. పోగు రాలని మైక్రోఫైబర్ గుడ్డలే కావాలి. వాటిని కూడా బట్టలు మెత్తబడేందుకు వాడే సువాసన ద్రవాల్లో ఉతకకూడదు. వాటిలోనూ జిడ్డే ఉంటుంది.

జిడ్డు పోయిందో లేదో తెలిసేదెలా? నీళ్ళు చల్లి చూడాలి. తామరాకు మీద బొట్టులా నీళ్ళు ముత్యాల్లా నిలబడితే ఇంకా మైనం ఉన్నట్టు. పల్చగా పరుచుకుని పొరలా జారితే శుభ్రమైనట్టు. వదిన వ్యాను మొదటి తుడుపు తర్వాత కూడా ముత్యాలే పోసింది. మూడోసారికి గానీ దారికి రాలేదు.

కొందరు కిరసనాయిలుతో తుడుస్తారు. అది జిడ్డు తీసి తన జిడ్డు వదులుతుంది. థిన్నరు పెయింటునే తినేస్తుంది. రెండూ వద్దు. అన్నట్టు, ఐపీఏకి ఇట్టే నిప్పంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర వాడకండి. గాలి ఆడే చోట, చేతులకి తొడుగులు వేసుకుని వాడాలి. పిల్లలకి అందనివ్వకూడదు. తుడిచిన గుడ్డలు, ద్రవం సీసాలు పక్కకి తీసి, తడి ఆవిరి పూర్తిగా పోయాకే హీట్ గన్ తియ్యాలి.

విప్పాల్సినవి, వదలాల్సినవి

నంబరు ప్లేటు, కంపెనీ గుర్తు, వీలైతే హ్యాండిళ్ళు, పక్క అద్దాలు విప్పి పెడితే పని నాణ్యంగా వస్తుంది. విప్పిన చోట ఏళ్ళనాటి మురికి చారలు కనిపిస్తాయి. వాటినీ శుభ్రం చేయాలి. పాత స్టిక్కరు బంక మిగిలి ఉంటే, కొద్దిగా వేడి చేసి ప్లాస్టిక్ పలకతో మెల్లగా తీయాలి. బ్లేడు పెడితే పెయింటు గీసుకుపోతుంది.

రబ్బరు బీడింగుల మీద స్టిక్కరు నిలవదు. ఇంచుమించు నువ్వుగింజంత ఎడం వదిలి కత్తిరించాలి. రంగు వేయని గరుకు నల్ల ప్లాస్టిక్ బంపర్ల మీద కూడా బంక సరిగ్గా పట్టదు. ‘అది కూడా వేసేస్తామండీ’ అని ఎవరైనా అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

కల్లాపి చల్లిన షెడ్డు

మర్నాడు ఉదయం షెడ్డుకి వెళ్ళేసరికి పెద్దాయన శిష్యుడు బక్కెట్టుతో నేలంతా నీళ్ళు చల్లుతున్నాడు. దుమ్ము లేవకుండానట! వదినా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. అచ్చం మన వాకిట్లో కల్లాపే!

ఫ్యాను ఆపేశారు. ఎండ పడకుండా పట్టా దించారు. మే నెల ఎండలో నిలబెట్టిన వ్యాను రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అంత వేడి మీద బంక తగలగానే గట్టిగా పట్టేసి సర్దుకోనివ్వదు, ఫిల్ము కూడా మెత్తబడి సాగిపోతుంది. మరీ చల్లగా ఉంటే బంక సరిగ్గా పట్టదు. ఇంచుమించు 20 నుంచి 30 డిగ్రీల మధ్య వాతావరణం ఈ పనికి అనువు. మన ఊళ్ళలో ఎండాకాలం అయితే పొద్దున్నే నీడలో చేయించుకోవడం ఒక్కటే దారి.

అంటించే ముందు మరోసారి ఐపీఏతో తుడిచారు. ఆ తర్వాత ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వదిన మురిపెంగా చెయ్యి వేయబోతే, “అమ్మా, వద్దు!” అని కేకేశాడాయన. అరచేతికి ఉండే జిడ్డు చాలు, అక్కడ బుడగ లేవడానికి. పొద్దున్నే తలకి కొబ్బరినూనె రాసుకున్న చెయ్యి కదా మరి!

అప్పుడు గానీ స్టిక్కరు పైకి తియ్యలేదు. మధ్యలో మొదలుపెట్టి అంచులకి, మెత్తటి అంచున్న ప్లాస్టిక్ పలకతో ఒత్తుకుంటూ వెళ్ళారు. చివర్లో వంపుల దగ్గరా అంచుల దగ్గరా హీట్ గన్‌తో కాచి, మళ్ళీ నొక్కారు. సాగదీసిన చోట అలా కాస్తే ఫిల్ము తన పాత ఆకారం మర్చిపోయి కొత్త ఆకారంలో స్థిరపడుతుందట. చాలా కాస్ట్ ఫిల్ములకి ఇది 90 డిగ్రీలు దాటిన వేడి. ఎంత అన్నది ఫిల్ము తయారీదారు చెప్పిన లెక్క ప్రకారమే చెయ్యాలి.

అంటించడానికి పట్టింది మూడు గంటలు. దానికి ముందు పనికి పట్టింది రోజున్నర, నెల రోజుల ఎదురుచూపు కాక!

స్కూటీకి మనమే వేసుకుంటే

ఇంట్లో స్కూటీకి చిన్న స్టిక్కర్లు, పిల్లల పేర్లు మనమే వేసుకుంటాం కదా. పద్ధతి ఇదే, కాకపోతే చిన్నది. ముందురోజు సాయంత్రం షాంపూతో కడిగి నీడలో ఉంచండి. మర్నాడు ఐపీఏ, నీళ్ళు కలిపి రెండు గుడ్డలతో తుడవండి. గాజులు తీసి పక్కన పెట్టుకోండి, పెయింటు మీద గీతలు పడకుండా. స్టిక్కరు ఒక అంచు నుంచి మొదలుపెట్టి, పాత ఏటీఎం కార్డుకి మెత్తటి గుడ్డ చుట్టి ఒత్తుతూ పోండి. మూలలు చతురస్రంగా ఉంటే కత్తెరతో కొద్దిగా గుండ్రంగా కత్తిరించండి. కోసుగా ఉన్న మూలే ముందు లేస్తుంది. చివర్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో అంచులు వెచ్చచేసి బొటనవేలితో నొక్కండి.

వేశాక ఒక వారం కడగకండి. బంక పూర్తిగా పట్టు సాధించడానికి కనీసం ఒక రోజైనా పడుతుంది, అంచులకి ఇంకాస్త ఎక్కువ వ్యవధి ఇవ్వడమే మంచిది. ఆ తర్వాత కూడా సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపుని అంచుల దగ్గర పెట్టనివ్వకండి.

కాగితాల సంగతి

బండి రంగు ఆర్సీలో నమోదై ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కాబట్టి బండి మొత్తం వేరే రంగు స్టిక్కరు చుట్టించాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఆర్సీలో రంగు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు వాళ్ళకీ తెలియజేయాలి. మిలటరీ వాళ్ళ ఆలివ్ గ్రీన్ రంగు మాత్రం మనకి కుదరదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆ రంగుని రక్షణ శాఖ వాహనాలకే కేటాయించింది. వ్యాపారం పేరు రాయించుకునేవాళ్ళు కూడా అందుకు అనుమతి, రుసుము ఏమైనా ఉన్నాయేమో అక్కడే కనుక్కోవాలి. వదిన రెండోసారి స్టిక్కరు వేయించే ముందే వెళ్ళి కనుక్కుని వచ్చింది.

గుర్తుంచుకోండి

* షాపతనితో బేరమాడేటప్పుడు స్టిక్కరు ధర ఒక్కటే కాదు, ‘ముందు శుభ్రం ఎలా చేస్తారు, ఎంతసేపు చేస్తారు’ అని అడగండి. ‘గంటలో ఇచ్చేస్తాం’ అంటే అనుమానించండి.

* వారం పది రోజుల ముందు నుంచి మైనం, పాలిష్, టైరు స్ప్రే ఏదీ వాడకండి.

* సెకండ్ హ్యాండ్ బండికి టేపు పరీక్ష తప్పనిసరి.

* కొత్త పెయింటు వేయిస్తే పెయింటు కంపెనీ చెప్పిన గడువు పూర్తయ్యేదాకా ఆగండి.

* కడిగిన రోజే అంటించనివ్వకండి.

* ఎండలో, దుమ్ములో, రోడ్డు పక్కన పని చేయించకండి.

* అంచు కొద్దిగా లేచినప్పుడే షాపుకి తీసుకెళ్ళండి. పిల్లలు గిల్లితే మొత్తం చిరుగుతుంది.

వదిన వ్యాను ఆ తర్వాత ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసింది. ఒక్క అంచూ లేవలేదు. ఇప్పుడు ప్రతి శుక్రవారం పొద్దున్నే వదిన బక్కెట్టు పట్టుకుని తనే వ్యాను కడుగుతుంది. కడగడం అయ్యాక, కుడివైపుకి వచ్చి ‘ఇం’ అంచు మీద బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తుంది.

“ఇంకా అనుమానమేనా వదినా?” అని అడిగాను మొన్న.

“అనుమానం కాదే, అలవాటు. జాడీ మూత బిగిసిందో లేదో చూసుకోమూ?” అని నవ్వి, తాళాలు తీసుకుని వ్యానెక్కింది. ఆవిడ పేరుని అటూ ఇటూ మోసుకుంటూ పసుపుపచ్చ వ్యాను వీధి మలుపు తిరిగింది.